పాచిపెంటలో ఒక సంక్రాంతి

విజయనగరమునుండి రాయపూరు పోవు రాజమార్గమున గజపతినగరము, రామభద్రపురము దాటి సాలూరు చేరువరకు కొండలు దూరపు చుట్టములవలె అల్లంత దూరముననే నిలిచియుండును. సాలూరు దాటితిమా, అవి ఇంటివారివలె ఎదురువచ్చును. సాలూరున లారీలకు పైకట్టుబడి చేయు పనివారి సుత్తెల చప్పుడు చెవులలో నుండగనే పాచిపెంట వచ్చెను. గత జ్యేష్ఠమాసమున మావారికి ఈ యూరి పాఠశాలకు బదిలీ కాగా, పెట్టెబేడలతో, రెండు బస్తాల పుస్తకములతో, మా అత్తగారి కాలమునాటి రుబ్బురోలుతో మేమును వచ్చితిమి. తెలిసిన ముఖము లేనిచోట, పురాణ కాలక్షేపము లేనిచోట ప్రొద్దెట్లు గడచునో యని అప్పుడు భయపడితిమి. ఏడు నెలలలో ఆ భయము తీరినది. కాని మొన్నటి సంక్రాంతికి జరిగిన యొక సంగతి మాత్రము మనసున నిలిచిపోయినది. దానిని మీతో చెప్పుకొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ముందు ఊరిని చూపింతుము. పాచిపెంట తూర్పుకనుమల పాదమున నున్నది. ఒకప్పుడిది జమీందారీ. కొండమీది జయపురపు సీమకు ఎక్కు కనుమదారులు ఈ చేరువనే యుండుటచే పూర్వము ఈ తావును ఏలినవారికి గొప్ప పలుకుబడి యుండెడిది. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టముతో జమీందారీలు పోయినవి. దారులు మాత్రము మిగిలినవి. 2022 ఏప్రిల్ 4వ తేదీన పార్వతీపురము మన్యము జిల్లా యేర్పడువరకు ఈ మండలము విజయనగరము జిల్లాలోనిది. ఊరు దాటి కొండవైపు నడచినచో కొండదొరలు, జాతాపులు, గదబలు మున్నగువారి పల్లెలు వచ్చును. ఇచట ఏటిని గెడ్డ యందురు, రాగులను చోళ్లందురు. సంతనాడు చింతపండు, పసుపు, కొండచీపుళ్లు, అడ్డాకుల కట్టలు దిగును. తలపై బరువు, చంకన బిడ్డతో కొండ దిగివచ్చిన స్త్రీలు బేరమాడు తీరు చూచిన నాడు, మాకుగల లోకజ్ఞానమెంతయో మాకు తెలిసినది.

సాయంకాలము పెద్దగెడ్డ జలాశయపు గట్టుపై నిలుచుండిన కొండలు వరుసలు వరుసలుగా కనబడును. మొదటి వరుస ఆకుపచ్చ. దాని వెనుకటిది నీలము. అన్నిటికంటె వెనుకనున్నది పావురపు రెక్కవంటి పొగరంగు. దానినే మన లాక్షణికులు కపోతవర్ణ మనిరి. ఈ రంగును గుర్తుంచుకొనుడు. ముందు దీనితో పని యున్నది.

మా పుట్టినిల్లు బొబ్బిలి. గత శ్రావణమున మా అమ్మగారు గతించుటచే ఆ యింట ఈ యేడు పండుగ లేదు. ఏటేట తాతగారింటికి పోవు మా అక్కగారి కుమార్తె, అందుచే ఈ సారి మా యింటికి వచ్చెను. ఆ పిల్ల విశాఖపట్టణమున కంప్యూటరు చదువు చదువుచున్నది. వచ్చిన మరునాటి వేకువను, మంచు ఇంకను వీడకమునుపే, మేము వాకిట మెలికల ముగ్గు పెట్టుచుండగా అది గడపపై కూర్చుండి చూచి, “పిన్నీ, మా కాలేజీలో నేను యంత్రంతో చేయిస్తున్న పనే నువ్వు చేత్తో చేస్తున్నావు” అనెను.

మేము నవ్వితిమి. అది నవ్వలేదు. “చూడు. పదిహేను చుక్కలు పెట్టావు. ప్రతి చుక్కనీ చుట్టి రావాలి, దేన్నీ తాకకూడదు, బయలుదేరిన చోటికే చేరాలి. నువ్వు గీసేది బొమ్మ కాదు, నియమం. బొమ్మ దానంతట అదే వస్తుంది.”

అది చెప్పగా మేము గ్రహించిన దిది. ఈ కళను జనరేటివ్ ఆర్టు అందురు. ఇందు చిత్రకారుడు తాను బొమ్మ గీయడు. బొమ్మ గీయవలసిన నియమములను వ్రాసి యంత్రమున కిచ్చును. యంత్రము ఆ నియమములను పాటించుచు, నడుమ నడుమ పాచికలు వేసినట్లు కొంత యాదృచ్ఛికమును కలుపుకొనుచు గీయును. ఒక్క నియమమునుండి వేయి బొమ్మలు పుట్టును. ఏ రెండును ఒకటిగా నుండవు. మన ముగ్గునకు ఇట్టి గౌరవము క్రొత్తది కాదట. 1974లోనే మద్రాసు పండితులైన గిఫ్టు సిరోమణి, రాణీ సిరోమణి దంపతులును కమలా కృతివాసనును కలిసి, ముగ్గులను వ్యాకరణసూత్రములచే వర్ణింపవచ్చునని ఒక గణితవ్యాసము ప్రకటించిరి. వ్రాసిన ముగ్గురిలో ఇరువురు స్త్రీలు. ముగ్గుగిన్నె పట్టిన మన చేతికి అది కొంత గర్వకారణమే కదా.

ఇంకొక స్త్రీ కథ విని మేము ముగ్గుపిండి క్రింద పెట్టితిమి. వేరా మోల్నార్ అను నామె 1924లో బుడాపెస్టు నగరమున జన్మించి, 1947లో పారిసు చేరి, 1968 మొదలు కంప్యూటరుతో బొమ్మలు గీయించి, 2023లో తొంబదితొమ్మిదవ యేట గతించెను. స్వదేశముననున్న తల్లి ఆమెకు వారము వారము ఉత్తరము వ్రాసెడిదట. తల్లికి వయసు మీరినకొలది పంక్తుల ఎడమభాగము కుదురుగా నుండి, కుడివైపునకు పోవుకొలది అక్షరములు వణకి చెదరిపోయెడివి. ఆ చెదరుటను కూతురు అంకెలుగా మార్చి, 1980 తరువాతి దశాబ్దమున యంత్రముచే తల్లి చేతివ్రాతను పోలిన గీతలను గీయించెను. అందు చదువదగిన అక్షర మొక్కటియు లేదు; అయినను చూచువారికి అది ఒక తల్లి ఉత్తరమని తెలియును. తల్లిని పోగొట్టుకొని ఐదు నెలలైన మాకు ఆ మాట ఎట్లు తగిలెనో చెప్పనక్కరలేదు.

“మరి నీ బొమ్మ లేవి?” అని అడిగితిమి.

మా పిల్ల చేయుచున్నది ఈ కళయందు వేరొక శాఖ. జనులు ఫేసుబుక్కునందును వాట్సాపునందును వ్రాసికొనెడి మాటలను తీసికొని, అందలి సుఖదుఃఖములను యంత్రముచే లెక్కవేయించి, ఆ లెక్కను రంగుగా, గీతగా మార్చుట. ఇట్టి పనికి పేరొందిన మాతృక అమెరికాలో 2006లో వెలువడినది. దాని పేరు ‘ఉయ్ ఫీల్ ఫైన్’. జొనాథన్ హారిస్, సెప్ కామ్వార్ అను నిరువురు దానిని నిర్మించిరి. లోకులు అంతర్జాలమున వ్రాసికొను దినచర్యలలో ‘నాకు ఇట్లనిపించుచున్నది’ అను అర్థముగల ఆంగ్లవాక్యములను అది నిమిషముల వ్యవధిలో వెదకి తెచ్చి, ఒక్కొక్క వాక్యమును ఒక్కొక్క రంగుచుక్కగా తెరపై విడిచెడిది. సంతోషమునకు పసుపు, దుఃఖమునకు ముదురునీలము, కోపమునకు ఎరుపు, శాంతికి లేతాకుపచ్చ. దినమునకు పదునైదువేలకు తక్కువ గాకుండ మనుష్యుల మనసులు ఆ చుక్కలలో చేరెడివట.

ఇది విని మాకు భరతముని స్మరణకు వచ్చెను. నాట్యశాస్త్రపు ఆరవ అధ్యాయమున ఆయన రసములకు రంగులు చెప్పియున్నాడు. శృంగారము శ్యామము, హాస్యము తెలుపు, రౌద్రము ఎరుపు, వీరము గౌరము, భయానకము నలుపు, బీభత్సము నీలము, అద్భుతము పసుపు. కరుణము కపోతవర్ణము. కోపము ఎరుపను విషయమున మునికిని అమెరికావారికిని భేదము లేదు. దుఃఖమునకు మాత్రము వారు నీలమును, మనవారు పావురపు బూడిదరంగును ఎంచుకొనిరి. ఈ పట్టిక చెప్పగా మా పిల్ల నోట్‌బుక్కు తెచ్చి వ్రాసికొనెను. మాకును కొంత ఉబ్బు కలిగినదని యొప్పుకొనుచున్నాము.

పిమ్మట అది ఫోను తెరచి ఒక బొమ్మ చూపెను. నిండ బంగారురంగు. నడుమనుండి వెలుగురేకలు పైపైకి లేచి పూవువలె విచ్చుకొనుచున్నవి. కన్నులపండువుగా నున్నదని మేమంటిమి.

“ఇది నీ మాటే పిన్నీ. అమ్మమ్మ పోయిన రోజు నువ్వు మన ఇంటివాళ్ల గ్రూపులో పెట్టిన మాట. రాత్రి అందరికీ పంపించాను.”

మా నోట మాట రాలేదు. ఆనాడు మేము వ్రాసిన దిది: ‘మా మాతృదేవత సుమంగళిగా, పసుపుకుంకుమలతో పుణ్యలోకమున కేగినది. ఇంటిదీపము కొండెక్కినది. ఆమె ధన్యురాలు.’

యంత్రమేమి చేసినది? దానియొద్ద మాటల పట్టిక యున్నది. మంచిమాటకు ఇన్ని, చెడుమాటకు ఇన్ని యని గుణము వేసియుందురు. వాక్యములోని మాటల గుణములను కూడి, కూడిక ఎక్కువైనచో సంతోషమనును, తక్కువైనచో దుఃఖమనును. సుమంగళి, పసుపు, కుంకుమ, పుణ్యము, దీపము, ధన్యత, ఎక్కుట – ఇందు ఒక్కటియు చెడుమాట కాదు. కూడిక ఆకాశమంటినది. మా జీవితమున అతిదుఃఖకరమైన దినమును యంత్రము పెండ్లిదినముగా నెంచి బంగారుపూత పూసినది.

సోదరీమణులారా, తప్పెవరిది? మన యింటి భాష నొకమారు తలచుకొనుడు. డబ్బాలో బియ్యము లేవని మన మనము, నిండుకొన్నవందుము. గాజులు పగిలెననము, పెరిగినవందుము. పోవుచున్నామనము, వెళ్లివచ్చెదమందుము. దీపమారెననము, కొండెక్కెనందుము. అమంగళమును నోట పలుకరాదని మన తల్లులు నేర్పిన యీ భాషలో లేమి నిండుదనమై, చావు యాత్రయై మాటాడును. విను ఆడుదానికి లోపలి దుఃఖము తెలియును. యంత్రమునకు తెలిసినది పై మాట యొక్కటే. తెలుగు వాక్యముల మనోభావములను యంత్రమునకు నేర్పు కృషి మన దేశమున జరుగుచునే యున్నది. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ పరిశోధకులు 2017లో తెలుగు వార్తాపత్రికలనుండి అయిదువేలకు పైబడిన వాక్యములను తీసి, తెలుగువారిచే చదివించి, ఇది మంచి, ఇది చెడు, ఇది తటస్థమని గుర్తు పెట్టించిరి. కాని వార్తాపత్రిక వేరు, వంటయిల్లు వేరు. బియ్యము నిండుకొన్న వార్త పత్రికలో పడదు గదా.

మా పిల్లతో ఇదంతయు కొంత కటువుగానే పలికితిమి. అది కన్నుల నీరు పెట్టుకొని, “కానీ మాటలు నువ్వే రాశావు పిన్నీ. అబద్ధం యంత్రం చెప్పలేదు కదా” అనెను. దానికి మాయొద్ద సమాధానము లేకపోయెను. గ్రూపులోని చుట్టములందరును ఆ బొమ్మ క్రింద పూలును, దండములును పెట్టియుండిరి. మా నాన్నగారు మాత్రము ఏమియు పెట్టలేదు. ఆయన చూచినట్లు రెండు నీలిగీతలు కనబడుచున్నవి. రోజున కొకమారైనను ఫోను చేయు మనిషి ఆనాడు చేయలేదు, మరునాడును చేయలేదు.

భోగి ముందటి దినమున మావారు, కొంతకాలముగా బడికి రాని యొక పిల్లవానికొరకు కొండపైని పల్లెకు పోవుచు మమ్ము నిరువురను వెంటబెట్టుకొనిరి. కొండ మొదటివరకు ఆటో, పిమ్మట నడక. దారిపొడవున కందిచేలు కాయపట్టియున్నవి. గెడ్డలో నీరు మోకాలిలోతున చల్లగా పారుచున్నది. పల్లెలో స్త్రీలు పండుగకు గోడలు అలుకుచుండిరి. ఎఱ్ఱమట్టిని తడిపి, చేతులతో అర్ధచంద్రములుగా త్రిప్పుచు పూయుచుండగా, ఆ గోడలపై ఎండ పడి పల్లెయంతయు నిప్పుకణికవలె మెరయుచుండెను.

ఒక యింటి గోడకు మాత్రము నడుమ జానెడు మేర అలుకక విడిచియుండిరి. చుట్టును క్రొత్త ఎఱుపు; నడుమ నిరుటి పాతమట్టి, వెలసి బూడిదరంగు తిరిగినది. దగ్గరకు పోయి చూడగా అందు చిన్న చేతిగుర్తు కనబడెను. అలుకుచున్న ముదుసలిని అడిగితిమి.

“మా మనవరాలి సెయ్యమ్మా” అనెను ఆమె, చేయి ఆపకయే. “నిరుడు తడిగోడ మీద పెట్టీసింది. తిట్టాను కూడాను. వానల్లో జెరమొచ్చి పోనాది. అదొక్కటీ అలకలేదు.”

మా పిల్ల మెల్లగా, “ఫొటో తీసుకోనా అమ్మమ్మా?” అనెను.

ముదుసలి దానివైపు తిరిగి చూచెను. ఆ చూపున కోపము లేదు. “ఒద్దు తల్లీ. ఇంట్లో ఉన్నాది, ఇంట్లోనే ఉండనీ.”

మా పిల్ల ఫోనును సంచిలో వేసికొనెను. ఆమె లోనికి పోయి ఉడికించిన కందికాయలు దోసెడు తెచ్చి మా ముగ్గురకు పెట్టెను. వాకిట కూర్చుండి వలుచుకొని తింటిమి. ఎవ్వరము ఏమియు మాటాడలేదు.

కొండ దిగుచు మేము సవరల సంగతి తలచుకొంటిమి. ఇదే జిల్లాలో సీతంపేట కొండలయందు సవరలు మెండు. గిడుగు వేంకట రామమూర్తిపంతులుగారు పర్లాకిమిడిలో నుండి వారి భాషను నేర్చి, వ్యాకరణమును, నిఘంటువును కూర్చినసంగతి మీరెరిగినదే. వ్యావహారికభాషకు పోరాడిన ఆ మహనీయుని, మేమిట్లు గ్రాంథికమున తలచుటకు ఆయన క్షమించుగాక. ఆ సవరలు ఎఱ్ఱమట్టి గోడపై బియ్యపుపిండితో తెల్లని బొమ్మలు వ్రాయుదురు. అవి వేడుకకు వ్రాసినవి కావు. ఇంట రోగము వచ్చినప్పుడో, గతించినవారు కలలో కనబడినప్పుడో, దేవరకు పూనకము వచ్చి చెప్పినట్లుగా వారికొరకు గోడపై ఒక యిల్లు వ్రాసి, అందు మనుష్యులను, ఏనుగులను, నెమళ్లను, ఇప్పుడైతే సైకిళ్లను, విమానములను కూడ పెట్టి, పూజచేసి అప్పగింతురు. ఆంగ్లేయుడైన వెరియర్ ఎల్విను 1955లో ప్రకటించిన గ్రంథమున వీరి మతమును, ఈ బొమ్మలను విపులముగా వర్ణించెను. మనసులోనిదానిని బొమ్మగా మార్చు విద్య మన కొండలకు క్రొత్తది కాదన్నమాట. అందలి క్రమమును మాత్రము చూడుడు. ముందు ఆ యింటివారిని అడుగుదురు, కల యేమని వినుదురు, పిమ్మట వ్రాయుదురు. ఎవరి దుఃఖమో వారి గోడపైననే అది యుండును.

ఇల్లు చేరినంతనే మా పిల్ల తానుగా తాతగారికి ఫోను చేసెను. “తాతగారూ, మిమ్మల్ని అడక్కుండా పంపించాను. తప్పయింది” అని ఊరకుండెను. ఆయన మాట మాకును వినబడుచుండెను.

“బొమ్మ బాగుందమ్మా. రంగు యంత్రం తప్పు కాదు. అది మీ పిన్ని నలుగురి కోసం రాసిన మాట, మర్యాదగా రాసింది. మనసు అందులో ఎక్కడుంది? నా మాట నేనసలు ఎక్కడా రాయనే లేదు. లేనిదాన్ని అది ఎలా లెక్కపెడుతుంది?”

ఆ పిమ్మట ఆయన గంటసేపు మాటాడిరి. అమ్మ కాపురమునకు వచ్చిన తొలియేడు ఆవకాయ జాడీ పగులగొట్టుకొని మూడుదినములు తమతో చెప్పక దాచిన కథ. చివరి వారమున మాట పడిపోయినను వేళకు తమ మజ్జిగగ్లాసువైపు చేయి చూపిన సంగతి. ఐదు నెలలుగా ఆయన నోట ఈ మాటలు మే మెవ్వరమును వినలేదు, అడుగనులేదు. చక్కని వాక్యము వ్రాసి కర్తవ్యము తీరినదనుకొంటిమి. మాకు భారతభాగవతములు చదువు నేర్పిన తండ్రిని, “నాన్నగారూ, ఎట్లున్నారు?” అని నిజముగా అడుగుటకు మా చదువు చాలలేదు. యంత్రము పొరబడినదని కోపించిన మేము, ఆ పొరపాటువలననే మా పొరపాటును తెలిసికొంటిమి.

ఫోను పెట్టివేసి మా పిల్ల, “ఇది మాత్రం నేను రాసుకోలేదు పిన్నీ” అనెను. గ్రూపునుండి బొమ్మను తీసివేసెను. తన కాలేజీ పనిని కూడ మార్చుకొనెను. ఇప్పుడు, వ్రాసినవారు అనుమతించిన మాటలనే తీసికొనుచున్నది. యంత్రము లెక్కవేయుటకు ముందు ‘ఈ మాట వ్రాసినప్పుడు మీ మనసెట్లున్నది?’ అని వారినే అడుగుచున్నది. నిండుకొనుట, పెరుగుట, కొండెక్కుట వంటి మన పలుకుబడులను ఒక పట్టికగా వ్రాయుచున్నది. మేము నలుబది వరకు చెప్పితిమి. మీ యిండ్ల పెద్దలనడిగి మీరును ఇట్టివి వ్రాసి యుంచుకొందురేని, యంత్రములకే గాదు, మన మనుమరాండ్రకును అవి పనికివచ్చును.

“మరి నీ మాటకు ఏ రంగు వేయను?” అని అది మమ్ము నడిగినది. కపోతవర్ణమంటిమి. ఆ రాత్రి అది క్రొత్త బొమ్మ గీయించినది: చుట్టును బంగారము, నడుమ జానెడు బూడిదరంగు. దానిని ఎవ్వరికిని పంపలేదు.

సంక్రాంతి వేకువను ఇరువురమును కలిసి వాకిట ముగ్గు పెట్టితిమి. అది చుక్కలు పెట్టెను. మేము మెలిక త్రిప్పితిమి. ప్రొద్దెక్కకమునుపే గంగిరెద్దువాడు వచ్చి, బసవన్నను సరిగా ముగ్గు నడుమ నిలిపి సన్నాయి ఊదెను. ముగ్గు చెదరినదని మా పిల్ల చిన్నబుచ్చుకొనెను. రేపు మరల పెట్టుదమని చెప్పి, చాటలో బియ్యము తెచ్చుటకు లోనికి పోయితిమి. మూతతీసి చూడగా డబ్బాలో బియ్యము నిండుకొన్నవి.

ఆ మాట మేము పైకి అనగనే మా పిల్ల పకపక నవ్వెను. మావారిని అంగడికి పంపి, ఆలోపల నాన్నగారికి ఫోను చేసితిమి.